గోదావరి వారధుల నుండి లోహఫేనము వఱకు

మన గోదావరి తీరమున రెండు తెగల పెద్ద కట్టడములు కలవు. మొదటిది ధవళేశ్వరపు ఆనకట్ట. ఆర్థర్ కాటన్ దొరగారు 1847లో ఆరంభించి 1852లో ముగించిన ఆ పాత ఆనకట్ట ఇసుకనేలపై కూర్చుండి, తన బరువుచేతనే నీటి త్రోపుడునకు ఎదురు నిలిచినది. అందు బరువే బలము. రెండవ తెగ రాజమహేంద్రవరమునకును కొవ్వూరునకును నడుమ గల వారధులు. వీనికి బరువు చేటు చేయును. ఎట్లనగా, వారధి మోయవలసిన మొదటి బరువు తన బరువే. రైలుబండి బరువు ఆ తరువాతిది. కావున ఆనకట్ట కట్టువాడు రాతిని పోగుచేయును. వారధి కట్టువాడు లోహమును తగ్గించుకొనుచు వచ్చును. తగ్గించియు బలము చెడకుండుట యెట్లు? బరువు మీద పడినపుడు కట్టడము ఏ తీరున వంగును, ఏ తీరున నలుగును? ఈ ప్రశ్నలకు మానవులు సమాధానము వెదకిన చరిత్రమే నేటి ప్రసంగ విషయము. ఆ వెదకులాట దేశదేశములు తిరిగి, తుదకు మన పెరటి అరటిచెట్టు వంటి లోహమును చేయువఱకు వచ్చినది.

మొదట దూలము సంగతి విచారింతము. రెండు గోడలపై ఆనియున్న దూలము నడుమ బరువు పెట్టినచో అది క్రిందికి వంగును. వంగినపుడు దాని పైభాగము కుదించుకొనును, క్రిందిభాగము సాగును. పైన నొక్కుడు, క్రింద ఈడ్పు. ఈ రెంటి నడుమ కుదియక, సాగక యుండు గీత యొకటి కలదు. అచ్చటి కఱ్ఱకు ఈ నొక్కుడుతోను ఈడ్పుతోను పని మిక్కిలి తక్కువ. మన వడ్రంగులు శాస్త్రగ్రంథములు చదువకయే దీని నెఱుగుదురు. 12 అంగుళముల వెడల్పును 2 అంగుళముల మందమును గల పలకను దూలముగా వేయవలసివచ్చినచో, దానిని పరుపుగా వేయక అంచుమీద నిలిపి వేయుదురు. అట్లు నిలిపినచో ఆ పలకయే 6 రెట్లు బరువున కోర్చును. అదే బరువునకు వంపు 36వ వంతు మాత్రమే యగును. కఱ్ఱ గోరంతయు పెరుగలేదు. పైయంచు క్రిందియంచులు ఒకదానికొకటి దూరమైనవి, అంతియే. పదార్థము ఎంత యున్నదనుటకంటె ఎచ్చట నున్నదనుటయే ముఖ్యమని దీనివలన తేలుచున్నది.

ఈ విషయమును మొదట గ్రంథస్థము చేసిన మహనీయులలో ఇటలీ దేశస్థుడైన గెలీలియో ముఖ్యుడు. 1638లో వెలువడిన తన ‘రెండు నూతన శాస్త్రములు’ అను గ్రంథమున, గోడలో నాటి ముందుకు చాచిన దూలము ఎంత బరువునకు విఱుగునో లెక్కింప యత్నించెను. పక్షుల యెముకలును, రెల్లు కాడలును బోలుగా నుండియు బలముగా నుండుటను గూడ ఆయన గుర్తించెను. అయితే దూలములో ఒక భాగము సాగుచుండగా మఱియొక భాగము కుదించుకొనుచుండునను రహస్యము ఆయన లెక్కకు అందలేదు. దూలమంతయు సాగుననియే ఆయన తలంచెను. ఈ కొఱతను 1773లో ఫ్రెంచి పండితుడు కూలుంబును, 1826లో ఆ దేశమువాడే యగు నేవియరును సవరించిరి. ఒక్క దూలము వంపును తిన్నగా తెలిసికొనుటకు రెండు శతాబ్దములకు దగ్గరగా పట్టినది.

గెలీలియో చూచిన రెల్లువంటివి మన సీమలో ఎన్ని లేవు? వెదురుగడ బోలు, ఐనను కావడిబద్ద యగును, నిచ్చెన యగును. ఆ బోలుగడ నలిగి చప్పిడి కాకుండ కణుపులు కాపాడుచున్నవి. తాటిమ్రాను చూడుడు. దాని చేవ యంతయు వెలుపలి వలయమున నున్నది. లోపల మెత్తని నార. ఆ మెత్తని భాగమును తొలిచివైచియే కొల్లేటివారు తాటిదోనెలు చేసికొనుచు వచ్చిరి. ఇక అరటిదొప్పను అడ్డముగా కోసి చూచినచో ఆశ్చర్యము కలుగును. రెండు పలుచని పొరలు. నడుమ గదులు గదులుగా గాలి నిండిన అఱలు. వానికి కాగితమువంటి గోడలు. ఎన్నో మణుగుల గెలను ఎత్తి పట్టుకొను చెట్టులో నూటికి తొంబదిపాళ్లు నీరును గాలియునే. పాఠశాలలో నేను పిల్లలచేత ఈ దొప్పను కోయించి, నల్లబల్లపై దాని పటము వ్రాయించుచుంటిని. రెండు గట్టిపొరలు, నడుమ తేలికైన పదార్థము: ఈ మూటి కూర్పును ఈనాటి యంత్రశాస్త్రజ్ఞులు సాండ్‌విచ్ కట్టడ మందురు. మన యిండ్లలోని దిబ్బరొట్టెయు ఆ జాతిదే. పైన క్రింద కరకరలాడు పొర. నడుమ పొంగిన పిండి.

లోహముతో ఈ కూర్పును పెద్దయెత్తున తలపెట్టినది ఇంగ్లండులో. 1845లో స్టీఫెన్‌సన్ అను ఇంజనీరు మీనాయి జలసంధిపై రైలువారధి కట్టవలసివచ్చి, బండి లోపలినుండి పోవునట్టి పెద్ద ఇనుపగొట్టమును కట్టదలచెను. ఫేర్‌బేర్న్ అను యంత్రనిర్మాత ఇనుపరేకులతో గుండ్రని గొట్టములు, గ్రుడ్డు ఆకారపు గొట్టములు, చదరపు గొట్టములు చేసి, వానిపై బరువులు వ్రేలాడదీసి పరీక్షించెను. గొట్టము క్రిందిభాగము ఈడ్పుచే తెగునని ఎల్లరు ఎదురుచూచుచుండగా, అనేక పర్యాయములు పైరేకే ముందుగా ముడుతలుపడి నలిగినది. పలుచని రేకు లాగుడునకు ఓర్చును గాని నొక్కుడునకు ఓర్వదని తేలినది. అప్పుడు ఫేర్‌బేర్న్ పైకప్పును ఒక్క మందపురేకుగా గాక, రెండు రేకుల నడుమ నిలువుగోడలు గల అఱల వరుసగా చేయించెను. 1850లో తెఱచిన ఆ బ్రిటానియా వారధి గొట్టముల పైభాగమున 8 అఱలు, అడుగుభాగమున 6 అఱలు ఉండెడివి. నడిమి ఎడములు రెండును 460 అడుగులవి. అది అరటిదొప్ప కూర్పే. ఇనుముతో చేసినది మాత్రము క్రొత్త. 1970లో నిప్పంటుకొని ఆ గొట్టములు చెడిపోవువఱకు 120 సంవత్సరములు బండ్లను మోసినవి.

ఆ విద్య మన గోదావరికి చేరుటకు మఱి యర్ధశతాబ్దము పట్టినది. కాశిలో గంగపై డఫరిన్ వారధిని కట్టించిన వాల్టన్ దొరయే ఇచ్చటను ఇంజనీరు. 1897 నవంబరు 11వ తేదీన పని ఆరంభమైనది; 1900 ఆగస్టు 30వ తేదీన బండ్లు నడచినవి. నాటి మద్రాసు గవర్నరు పేరిట దానికి హేవ్‌లాకు వారధి యని పేరు. రాతిస్తంభములు, వానిపై ఉక్కు గర్డరులు. స్తంభమునకు స్తంభమునకు ఎడము 150 అడుగులు. అట్టి ఎడములు 56. పొడవు రెండుంముక్కాలు కిలోమీటర్లకు దగ్గర. 1997 వఱకు, అనగా 97 సంవత్సరములు, మద్రాసునకును కలకత్తాకును పోవు బండ్లు ఆ గర్డరులపై నడచినవి.

ఇచ్చట ఒక ధర్మమును గుర్తింపవలెను. బండి వచ్చినప్పుడెల్ల గర్డరు ఇంచుక వంగును. బండి పోగానే తిరిగి లేచును. ఈ వంపు తప్పు కాదు. వంగనిదే ఏ దూలమును బరువు మోయదు. వంగి మరల యథాస్థితికి వచ్చుటను స్థితిస్థాపకత యందురు. బరువు తీసివేసినను వంపు మిగిలిపోయినచో లోహము తన హద్దు దాటినదన్నమాట. మొదటి వంపు కట్టడము చేయుచున్న పని. రెండవ వంపు అది పెట్టుచున్న మొఱ. పరీక్షకుల విద్య యంతయు ఈ రెంటి భేదమును కొలిచి తెలిసికొనుటయందే యున్నది.

1974లో తెఱచిన రెండవ వారధిని చూచినచో సాండ్‌విచ్ కూర్పు కన్నులకు కట్టినట్లుండును. పైయంతస్తున రోడ్డు, క్రిందియంతస్తున రైలు, నడుమ ఉక్కుకమ్మీల ఏటవాలు అల్లిక. అందు పెద్ద ఎడములు 27; ఒక్కొక్కటి 91 మీటర్లకు పైగా. పైవరుస కమ్మీలు నొక్కుడును, క్రిందివరుస కమ్మీలు ఈడ్పును భరించుచుండగా, నడిమి అల్లిక ఆ రెంటిని ఒకదానికొకటి దగ్గరకు రాకుండ, ఒకదానిపై నొకటి జాఱకుండ పట్టియుంచుచున్నది. చూపునకు అల్లికలో ఖాళీయే యెక్కువ. ఆ ఖాళీని నింపినచో బరువు పెరుగునే గాని, ఆ పాటి బలము పెరుగదు. 1997లో రైలు నడచిన మూడవ వారధి కాంక్రీటుది. 28 విండ్లు వరుసగా నిలిపినట్లుండును. విల్లు నొక్కుడును, నారివలె క్రిందనున్న దారి ఈడ్పును వహించుచున్నవి. మూడు వారధులును వేఱువేఱు రూపులవి; మూటి తర్కము ఒక్కటే.

నడిమి అల్లికను తేలికగా చూచినందుకు కలిగిన ఘోరమును ఇప్పుడు చెప్పవలసియున్నది. మన హేవ్‌లాకు వారధి తెఱచిన ఏడేండ్లకు, కెనడా దేశములో క్వెబెక్ నగరముకడ సెంటు లారెన్సు నదిపై మహావారధి యొకటి కట్టుచుండిరి. దాని అడుగు కమ్మీలు నొక్కుడు భరించునవి. ఒక్కొక్క కమ్మి నాలుగు నిలువు ఉక్కుపలకల కూర్పు. ఆ నాలుగింటిని కలిపి ఒక్కటిగా నిలుపుటకు సన్నని అల్లిక బద్దలు వేసిరి. పలకలు బలమైనవే, అల్లిక మాత్రము చాలలేదు. 1907 ఆగస్టులో ఆ కమ్మీలలో నొకటి ప్రక్కకు వంగుచున్నదని పనివారు గుర్తించిరి. కొన్ని దినముల క్రితము ముప్పాతిక అంగుళమున్న వంపు 27వ తేదీకి రెండుంబాతిక అంగుళములైనది. అది ముందునుండియే యున్న వంకర యని కొందఱు వాదించిరి. ఉత్తరములు నడచినవి. చూచిన ఇంజనీరు రైలెక్కి న్యూయార్కులోనున్న పెద్ద ఇంజనీరుకడకు పోయి చెప్పెను. ఇక బరువు వేయవద్దని ఆయన తంతి యిచ్చెను గాని, ఆ మాట పనిచోటికి అందలేదు. 29వ తేదీ సాయంకాలము, పని ముగియు వేళ, వారధి క్షణములలో నేలమట్టమైనది. దానిమీదనున్న 86 మందిలో 75 మంది మరణించిరి. వారిలో ముప్పదిమందికి పైగా ఒక్క మొహాక్ గ్రామమువారు.

శ్రోతలారా, ఉక్కు చెప్పవలసిన మాట చెప్పినది. అంగుళముల లెక్కలో చెప్పినది. విన్నవారికి అధికారము లేకపోయినది. అధికారమున్నవారు దూరమున నుండిరి. ఆ ఒక్క సాయంకాలమున లోకము రెండు పాఠములు నేర్చినది. నడిమి భాగము చూపునకు అల్పమైనను దాని బలము లెక్కింపవలెను. వంపు పెరుగుచున్నచో మొదట పని నిలిపి, తరువాత వాదింపవలెను.

ఆ పిమ్మట తేలికదనముపై మోజు వారధులనుండి విమానములకు ప్రాకినది. 1940 నవంబరు 25వ తేదీన ఇంగ్లండులో మస్కిటో అను యుద్ధవిమానము మొదటిసారి ఎగిరినది. దాని యొడలు ఉక్కు కాదు, అల్యూమినియము కాదు, కఱ్ఱ. బర్చి చెట్టు కఱ్ఱను పలుచని పొరలుగా చేసి, రెండు పొరల నడుమ బాల్సా యను దక్షిణ అమెరికా కఱ్ఱ నుంచి, జిగురుతో అతికిరి. బాల్సా మన జీలుగబెండునకు దూరపు చుట్టమువంటిది, అంత తేలిక. పెండ్లి బాసికములకు మనము వాడు బెండువంటి పదార్థము రెండు పొరల నడుమ చేరి, యుద్ధవిమానమునకు బలమైనది. నడిమి పదార్థము తనంతట బలవంతము కానక్కఱలేదు. పొరలను ఎడముగా, కదలకుండ నిలుపగలిగిన చాలును.

కఱ్ఱ తడిసిన ఉబ్బును, నిప్పు తగిలిన కాలును. ఆ బెండునే లోహముతో చేయరాదా యను కోరిక పుట్టినది. 1948లో అమెరికాలో సోస్నిక్ అనునాతడు, పాదరసపు ఆవిరిచే అల్యూమినియమును పొంగించు పద్ధతికి పేటెంటు పొందెను. 1956లో ఎలియట్ అనునాతడు, కరగిన లోహములో వాయువును విడుచు పొడిని కలుపు పద్ధతికి పేటెంటు పొందెను. 1980ల దశాబ్దిలో జపాను దేశపు షింకో వైర్ సంస్థవారు దీనిని చక్కదిద్దిరి. కరగిన అల్యూమినియములో నూటికి ఒకటిన్నర పాళ్లు కాల్షియము కలిపిన అది చిక్కబడును. తరువాత రమారమి అంతే టైటేనియము హైడ్రైడు పొడి కలిపి త్రిప్పినచో, ఆ పొడి హైడ్రోజను వాయువును విడుచును. పులిసిన పిండివలె లోహము పొంగును. చల్లాఱిన పిదప అది బుడగల గడ్డ. దీనినే లోహఫేనము, అనగా లోహపు నురుగు, అని మనము పిలువవచ్చును. అల్యూమినియము నీటికంటె రెండుమ్ముప్పాతిక రెట్లకు కొంచెము తక్కువ బరువు గలది. ఈ నురుగు నీటిపై తేలును.

దీని లెక్క యొకటి వినుడు. పదింట నొక పాలు లోహమును తొమ్మిది పాళ్లు గాలియును గల నురుగు, పిడుచ లోహముతో పోల్చిన నూఱవ వంతు బిగువు మాత్రమే గలది. ఇది నష్టముగా తోచును. అయితే అంతే బరువు లోహముతో పదిరెట్లు మందమైన పలక వచ్చును. వంపునకు ఎదురు నిలుచు శక్తి మందము యొక్క ఘనమును బట్టి, అనగా వేయిరెట్లు, పెరుగును. వేయిని నూఱుచే భాగింపగా పది. అదే బరువునకు నురుగుపలక పదిరెట్లు వంగకుండును. ఇక దానికి పైన క్రింద గట్టి రేకులు అతికినచో ఎంత మేలో ఊహించుకొనుడు. గిబ్సన్, ఆష్‌బీ అను పండితులు 1988లో ప్రకటించిన గ్రంథమున ఈ లెక్కలు విపులముగా నున్నవి.

ఇట్టి పలక బరువునకు లొంగు తీరులు నాలుగు. అరటిదొప్పను చేతబట్టి ప్రతిదానిని పోల్చుకొనవచ్చును. మొదటిది: పొడవైన పలకకు పలుచని రేకులున్నచో, వంపు హెచ్చినపుడు రేకే హద్దుమీఱి సాగును లేక కుదియును. రెండవది: పలక పొట్టిదై రేకులు మందమైనవైనచో, రేకులు చెడకమునుపే నడిమి నురుగు ఏటవాలుగా జాఱి, పైరేకు క్రిందిరేకు ఒకదానిపై నొకటి తప్పుకొనును, క్వెబెక్‌లో చెడినది ఈ జాతి పనిని చేయవలసిన అల్లికయే. మూడవది: బరువు ఒక్కచోట గ్రుచ్చినట్లు పడినచో, బొటనవ్రేలు దొప్పలో దిగినట్లు రేకు గుంటపడి, క్రింది నురుగు నలుగును. నాలుగవది: నొక్కుడు పడిన పైరేకు, ఫేర్‌బేర్న్ గొట్టమువలె, ముడుతలు పడును, లేక జిగురు వదలి లేచిపోవును. ఏది ముందు వచ్చునో పలక పొడవు, రేకు మందము, నురుగు చిక్కదనము నిర్ణయించును. కట్టువాడు వీనిలో ఏది వచ్చునో ముందే యెఱిగియుండవలెను.

నురుగు మాత్రమే నలుగు తీరు వేఱు. నొక్కగా మొదట కొంచెము బిగువుగా నిలుచును. పిమ్మట అన్ని అఱలును ఒక్కసారి నలుగవు. బలహీనమైన వరుస యొకటి ముందుగా కూలును. తరువాత దాని ప్రక్క వరుస. అట్లు వరుస వెంట వరుస కూలుచుండగా, నొక్కు బలము ఇంచుమించు ఒక్కతీరుననే యుండును. సగము మందము పోయిన పిదప గోడలు గోడలను తాకి, అప్పుడు మరల గట్టిపడును. దీనివలన ఒక గొప్ప యుపయోగము కలదు. ఢీకొన్న బండి వేగమును ఈ నురుగు మెల్లగా మ్రింగి, లోపలి మనుష్యునికి దెబ్బ తగులకుండ చేయగలదు. వారధిలో కీడైన నలుగుట, తాకుడును కాచు పలకలో మేలగుచున్నది. ఎచ్చట నలుగవలెనో ఎచ్చట నలుగరాదో తెలియుటయే విద్య.

ఇందు మన దేశీయుల కృషియు కలదు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థలో ఆచార్యులుగా నుండిన ఉపద్రష్ట రామమూర్తిగారు, సహచరునితో కలిసి, ఈ అల్యూమినియపు నురుగు బలములోని హెచ్చుతగ్గులను పరీక్షించి 2004లో ప్రకటించిరి. ఒక్క గడ్డనుండి కోసిన ముక్కలే యొకదానివలె నొకటి యుండవు. బుడగలు అన్నియు ఒక్క కొలతగా రావు గదా. కావున సగటు బలమును నమ్మి కట్టరాదు. తక్కువలో తక్కువ ఎంతయో చూచుకొని కట్టవలెను.

గ్రామపెద్దలైన మీకు ఈ చరిత్రముతో పని యేమి యందురేమో. ఊరి కాలువపై నడకవంతెనకు గాని, బడి కప్పునకు గాని తీర్మానము వ్రాయువారు మీరే. బరువైనది బలమైనదని భ్రమపడకుడు. దూలము అడుగుభాగమున నడిమికడ చెక్కులు కొట్టనీయకుడు. ఈడ్పు అచ్చటనే హెచ్చు. నడిమి అల్లికలో ఒక్క బద్ద త్రుప్పుపట్టినను, పై క్రింది కమ్మీలు బాగున్నవి గదా యని ఊరకుండకుడు. తాటిదూలపు వెలుపలి చేవ గట్టిగానున్నను, లోపల చెద పట్టినదేమో తట్టి చూడుడు. ఏటేట వానకాలమునకు ముందు ఒక త్రాడును ఈ కొననుండి ఆ కొనకు బిగించి పట్టి, వంపు ఎంత యున్నదో కొలిచి, పుస్తకమున తేదీతో వ్రాయించుడు. నిరుటికంటె వంపు పెరిగినచో, దానిని మొదట చూచినవాడు కూలివాడైనను బాలుడైనను, వాని మాట విని రాకపోకలు నిలుపుడు. క్వెబెక్‌లో ఆ మాట వినవలసినవారికి రెండు దినముల గడువుండినది. మన ఊరి వంతెన ఎంత గడువిచ్చునో చెప్పజాలము. కావున కనుగొన్న దినముననే పని నిలుపుట క్షేమము.